తుంటి ఎముక చికిత్సలో సాధ్యసాధన విచారం

వార్ధక్యంలో తుంటి ఎముక విరిగినప్పుడు ఏ లోహాన్ని ఏ రూపంలో శరీరంలో అమర్చితే మేలు కలుగుతుందన్న ప్రశ్న దాదాపు ఒక శతాబ్దంగా శస్త్రవైద్యం ముందు నిలిచి ఉన్నది. అమెరికాలోని బోస్టన్ నగరంలో స్మిత్ పీటర్సన్ అనే శస్త్రవైద్యుడు విరిగిన తొడ ఎముక మెడను మూడు రెక్కల మేకుతో బిగించిన తన పద్ధతిని 1931లో ప్రకటించిన తరువాత, స్క్రూలు, ప్లేట్లు, రాడ్లు, కృత్రిమమైన బంతులు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. కొత్తగా వచ్చిన ప్రతిదానినీ పాతదానితో పోల్చి చూసే పరిశోధనలూ వాటి వెంబడే వచ్చాయి. ఈ పోలిక కేవలం యంత్రశాస్త్రానికీ గణాంకశాస్త్రానికీ చెందినదిగా పైకి కనబడుతుంది. అయితే ఒక సాధనం మరొకదాని కంటె మేలైనదని చెప్పే ప్రతి వాక్యమూ, దేనికి మేలు, ఎవరికి మేలు అన్న రెండు ప్రశ్నలకు ఏదో ఒక సమాధానాన్ని ముందుగానే ఒప్పుకొని కూర్చుంటుంది గనుక, ఆ ఒప్పుకోలును బయటికి తీసి పరీక్షించవలసిన బాధ్యత తత్త్వవిచారానికి ఉన్నది. భారతీయ దర్శనాలలో ఈ పరీక్షకు తగిన పనిముట్లను సిద్ధం చేసి పెట్టినవారు, యజ్ఞకర్మను తప్ప మరి దేనినీ పట్టించుకోలేదన్న నిందను మోస్తున్న మీమాంసకులే కావడం కొంత వింతగా తోచవచ్చు.

జైమిని సూత్రాలకు శబరుడు రచించిన భాష్యాన్ని ఆధారం చేసుకొని కుమారిలభట్టు విస్తరించిన సిద్ధాంతానికి భావన అన్న భావం కేంద్రం. ఒక ఫలాన్ని ఉనికిలోకి తేవడానికి మనిషి చేసే ప్రయత్నరూపమైన వ్యాపారాన్ని మీమాంసకులు భావన అన్నారు. విధివాక్యం ఏది విన్నా ఆ ప్రయత్నం విషయంలో మూడు ఆకాంక్షలు, అంటే తీరితే తప్ప అర్థం పూర్తికాని మూడు ప్రశ్నలు పుడతాయి: దేనిని సాధించాలి, దేనితో సాధించాలి, ఏ విధంగా సాధించాలి. మొదటిదానికి జవాబు సాధ్యం, రెండవదానికి సాధనం, మూడవదానికి ఇతికర్తవ్యత, అంటే ప్రధానకర్మకు తోడుగా జరగవలసిన అంగకర్మల సముదాయం. స్వర్గాన్ని కోరేవానికి యాగాన్ని విధించిన చోట, క్రియాపదం చెప్పేది యాగాన్నే గనుక అదే సాధ్యమని తొలిచూపులో అనిపిస్తుంది. మీమాంసకులు ఇందుకు అంగీకరించరు. ధనమూ శ్రమా ఖర్చయ్యే పనిని ఆ పని కోసమే ఎవరూ తలకెత్తుకోరు కాబట్టి, కర్త కోరుకొనే స్వర్గమే సాధ్యమనీ, యాగం దానికి సాధనమనీ వారి నిర్ణయం. తుంటి చికిత్సను గురించిన చర్చ చాలా తరచుగా దారి తప్పేది ఈ మలుపులోనే. ఎక్స్‌రేలో అతుక్కున్నట్టు కనబడే ఎముక సాధ్యం స్థానంలోకి వచ్చి కూర్చుంటుంది. ఆ ఎముక మీద నిలబడి మనిషి గడపదలచుకున్న జీవితం చర్చలో నుంచి జారిపోతుంది.

సాధనాలను గురించి మాట్లాడాలంటే విరిగేది ఎక్కడో ముందు తెలియాలి. తొడ ఎముక పైకొనన బంతివంటి తల ఒకటి ఉండి కటి ఎముకలోని గిన్నెలో తిరుగుతుంది. ఆ తలను మోసేది సన్నని మెడ. మెడ కింద కండరాలు అంటుకొనే రెండు బొడిపెలు ఉంటాయి, వైద్యులు వీటిని ట్రోకాంటర్లు అంటారు. కీలును చుట్టి ఒక తిత్తి ఉంటుంది. తలకు నెత్తురు అందించే నాళాలలో ముఖ్యమైనవి మెడను ఆనుకొని పైకి పాకుతాయి గనుక, తిత్తి లోపల మెడ విరిగి ముక్కలు పక్కకు జరిగితే ఆ నాళాలు తెగి, తల ఎముక క్రమంగా నిర్జీవమయ్యే ప్రమాదం ఉన్నది. తిత్తికి వెలుపల, బొడిపెల దగ్గర విరిగినప్పుడు నెత్తురుకు కొరత ఉండదు, ఎముక అతుక్కోవడమూ తేలికే; అక్కడి చిక్కంతా గుల్లబారిన ఎముకలో దిగ్గొట్టిన లోహం శరీరభారాన్ని మోస్తూ కదలకుండా ఉంటుందా అన్నదే. గ్రామాలలో తుంటి విరిగిందని ఒకే మాటతో చెప్పుకొనే దానిలో నిజానికి రెండు వేర్వేరు రోగాలు ఉన్నాయి. ఒకరికి రాడ్డు వేసి, మరొకరికి బంతి మార్చి, ఇంకొకరికి మూడు స్క్రూలతో సరిపెట్టడానికి కారణం ఇదే.

తిత్తి వెలుపలి విరుపుకు ప్రధానమైన సాధనాలు రెండు. జారే స్క్రూ పద్ధతిలో ఒక లావైన స్క్రూ మెడ గుండా తలలోకి దిగి, తొడ ఎముక పక్కన బిగించిన ప్లేటు గొట్టంలో కొద్దిగా జారగలిగేటట్టు ఉంటుంది; మనిషి అడుగు వేసినప్పుడల్లా శరీరభారమే విరిగిన ముక్కలను ఒకదానికొకటి నొక్కుతుంది. నెయిల్ పద్ధతిలో రాడ్డు ఎముక లోపలి మూలుగ కాలువలోకి దిగుతుంది, దాని గుండా తలలోకి స్క్రూ వెళుతుంది. రాడ్డు భారరేఖకు దగ్గరగా ఉంటుంది గనుక దానిమీద వంచే బలం తక్కువ. తిత్తి లోపలి విరుపులో, ముక్కలు కదలకుంటే స్క్రూలతో బిగిస్తారు. కదిలితే వృద్ధులలో తలను తీసివేసి లోహపు బంతిని అమర్చుతారు. గిన్నెను ముట్టుకోకుండా బంతిని మాత్రమే మార్చడం అర్ధకీలు మార్పిడి, గిన్నెను కూడా మార్చడం సంపూర్ణ కీలు మార్పిడి. మొదటిదానికి ఆస్టిన్ మూర్, థాంప్సన్ అనే అమెరికన్ వైద్యుల పేర్లతో 1950ల తొలి సంవత్సరాలలో ప్రచారమైన నమూనాలూ, రెండవదానికి ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ 1960ల ఆరంభంలో స్థిరపరచిన నమూనా మూలాలు. బంతిని మోసే లోహపు కాడను ఎముకలో నిలపడానికి సిమెంటు వాడాలా వద్దా అన్నది మరొక పాత తగాదా.

ఈ సాధనాలను పోల్చడానికి గత కొన్ని దశాబ్దాలలో వాడిన ప్రధానమైన పద్ధతి యాదృచ్ఛిక విభజన పరీక్ష, అంటే ఏ రోగికి ఏ సాధనం అన్నదానిని వైద్యుని ఇష్టానికి విడిచిపెట్టకుండా చీటీ వేసినట్టు నిర్ణయించి, తరువాతి ఫలితాలను లెక్కించడం. ఇలాంటి పరీక్షలలో పెద్దవి చెప్పిన సంగతి సాధనాల తయారీదారులకు అంత రుచించేది కాదు. మెడ విరిగిన 1108 మందిని జారే స్క్రూకూ మామూలు స్క్రూలకూ మధ్య విభజించి 2017లో ఫలితాలను ప్రకటించిన ఫెయిత్ పరీక్షలో, రెండేళ్లలో మళ్లీ ఆపరేషన్ అవసరమైనవారు ఒక వర్గంలో 20 శాతం, మరొక వర్గంలో 22 శాతం. అర్ధకీలును సంపూర్ణ కీలుతో పోల్చి 1495 మందిపై పది దేశాలలో జరిపి 2019లో వెలువరించిన హెల్త్ పరీక్షలో ఆ అంకెలు 8.3, 7.9 శాతం. బొడిపెల దగ్గరి విరుపులకు నెయిల్ మేలా ప్లేటు మేలా అన్నదానిపై వచ్చిన పరీక్షలన్నిటినీ సమీక్షించిన కాక్రేన్ సంస్థ, నడకలోగాని ప్రాణం నిలవడంలోగాని రెండింటికీ చెప్పుకోదగిన తేడా లేదని 2022లో తేల్చింది. ముక్కలు ఏటవాలుగా తిరగబడిన కొన్ని అస్థిరమైన విరుపులలో నెయిల్ వైపు మొగ్గడానికి గట్టి కారణాలున్నాయి. అయితే మామూలు విరుపులకు కూడా ఎక్కువ ఖరీదైన నెయిల్ ప్లేటును చాలాచోట్ల నెట్టివేయడానికి ఈ లెక్కలు కారణం కావు, కారణాన్ని సాక్ష్యానికి వెలుపల వెతకవలసిందే.

సాధనాలన్నీ ఒకటేనన్న నిర్ధారణకు దీనినుంచి దూకడం కూడా తప్పే. జరిగిపోయిన మెడ విరుపును వృద్ధులలో స్క్రూలతో బిగిస్తే రెండవసారి ఆపరేషన్ పడే అవకాశం బంతి మార్చినప్పటి కంటె చాలా ఎక్కువ అన్నది స్థిరపడిన విషయం. సిమెంటు తగాదాకు కూడా చాలావరకు జవాబు దొరికింది: 60 ఏళ్లు పైబడిన 1225 మందిపై బ్రిటనులో జరిగి 2022లో వెలువడిన పరీక్షలో సిమెంటు వాడినవారి జీవనస్థితి నాలుగు నెలల నాటికి కొంత మెరుగ్గా ఉన్నది, కాడ చుట్టూ ఎముక మళ్లీ విరగడం 2.1 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గింది. సిమెంటును నింపే క్షణంలో రక్తపోటు పడిపోయే అపాయం అరుదుగానైనా ఉన్నది కాబట్టి గుండె బలహీనంగా ఉన్నవారి విషయంలో ఈ లాభాన్ని మళ్లీ తూచుకోవలసి వస్తుంది. సాధనం గురించిన ప్రశ్నకు అర్థం ఉన్నది, కొన్నిచోట్ల స్పష్టమైన జవాబూ ఉన్నది. లేనిదల్లా ఆ ప్రశ్న ఒంటరిగా నిలబడగలిగే శక్తి.

ఆ శక్తి లేకపోవడం పరీక్షల కొలమానాలలోనే బయటపడుతుంది. ఫెయిత్, హెల్త్ పరీక్షలు రెండూ ప్రధానఫలంగా ఎంచుకొన్నది రెండవ ఆపరేషన్‌ను. అది లెక్కించడానికి అనువైనది, దానిపై వాదులాట ఉండదు. అయితే ఆపరేషన్ మళ్లీ పడకపోవడం కోసం ఎవరూ ఆపరేషన్ చేయించుకోరు. మంచాన పడి కదలలేనంత నీరసించినందువల్ల రెండవ ఆపరేషన్‌కు పనికిరాకుండా పోయిన రోగి కూడా ఈ లెక్కలో విజయంగానే నమోదవుతాడు. ఫలాన్ని రోగి జీవితం వైపుగా కొలవడానికి వాడే పట్టికలు కొంత నయం, కాని అవి కూడా ఏదో ఒక ఊరి జీవితాన్ని ఆదర్శంగా పెట్టుకొన్నవే. అమెరికన్ వైద్యుడు విలియం హారిస్ 1969లో రూపొందించగా నేటికీ ప్రపంచమంతటా, తెలుగునాట ఆసుపత్రులలో కూడా వాడుకలో ఉన్న తుంటి పట్టిక నూరు మార్కులలో 44 నొప్పికి కేటాయిస్తుంది. మిగిలినవాటిలో మెట్లు ఎక్కగలరా, కుర్చీలో ఎంతసేపు కూర్చోగలరు, బస్సు వంటి ప్రజావాహనం ఎక్కగలరా, బూట్లు, మేజోళ్లు తొడుక్కోగలరా అన్న ప్రశ్నలుంటాయి. పీట మీద బాసింపట్టు వేసుకొని భోంచేయగలరా, గొంతుక్కూర్చోగలరా, పూజగదిలో నేలమీద కూర్చొని మళ్లీ ఎవరి సాయమూ లేకుండా లేవగలరా అన్నవి ఉండవు. కృత్రిమమైన బంతిని అమర్చుకొన్నవారికి గొంతుక్కూర్చోవద్దనీ నేలమీద కూర్చోవద్దనీ వైద్యులు సాధారణంగా చెబుతారు. పాశ్చాత్య మరుగుదొడ్డీ ఎత్తైన మంచమూ ఉన్న ఇంట్లో ఈ నిషేధం దాదాపు కనబడదు; అవి లేని ఇంట్లో అదే నిషేధం ఆ మనిషిని రోజుకు ఎన్నోమార్లు మరొకరి చేతికి అప్పగిస్తుంది. నూటికి తొంభై మార్కులు వచ్చిన రెండు తుంటులు, ఒకటి చికాగోలోనిది, మరొకటి కోనసీమలోనిది, ఒకే ఫలాన్ని పొందినవి కావు.

సాధ్యం ఎంతవరకు కర్త కోరికపై ఆధారపడుతుందో చూపే పరిశీలన ఒకటి సిడ్నీ నగరంలో జరిగి 2000లో ప్రచురితమైంది. 75 ఏళ్లు నిండిన 194 మంది స్త్రీలను, తుంటి విరిగి తమ పని తాము చేసుకొనే స్థితి పోయి వృద్ధుల సంరక్షణాలయంలో చేరవలసి వస్తే ఆ జీవితం విలువ ఎంతని అడిగినప్పుడు, వారిలో 80 శాతం మంది అంతకంటె మరణమే మేలని జవాబు చెప్పారు. ఈ అంకెను యథాతథంగా తీసుకోవడంలో ప్రమాదం ఉన్నది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు భయపడిన స్థితిలోనే, అది వచ్చిన తరువాత ఏదో ఒక రుచిని వెతుక్కొని బతకడం మనుషులకు అలవాటు. వచ్చే బాధను ఊహించేవారూ దానిని అనుభవించేవారూ ఒకే కొలబద్దతో కొలవరు. అయినా ఆ స్త్రీలు చెప్పినది ఒక విషయంలో తిరుగులేనిది: వారు కోరే ఫలం ప్రాణమూ కాదు, ఎముకా కాదు, పరాధీనత లేకపోవడం. చరకసంహిత ఆయుర్వేదాన్ని నిర్వచిస్తూ ఆయుస్సును దాని పరిమాణంతో సరిపెట్టకుండా హితం, అహితం, సుఖం, దుఃఖం అని నాలుగు విధాలుగా విభజించినప్పుడు ఈ వివేకాన్నే వైద్యశాస్త్రం తలవాకిట నిలిపింది.

ఇతికర్తవ్యత విషయానికి వస్తే, మీమాంసకుల పట్టు మరింత బిగుసుకుంటుంది. దర్శపూర్ణమాస యాగాలలో ప్రయాజాలనే చిన్న ఆహుతులు విడిగా ఏ ఫలాన్నీ ఇవ్వకపోయినా, అవి లేకుండా ప్రధానయాగం ఫలించదని వారి సిద్ధాంతం. జారే స్క్రూ కొన తల ఎముక శిఖరానికి ఎంత దగ్గరగా నిలిచిందన్న కొలత ఇలాంటి అంగమే. 1995లో బామ్‌గార్ట్‌నర్ బృందం ప్రకటించిన పరిశీలనలో రెండు ఎక్స్‌రేలపై కొలిచిన ఆ దూరాల మొత్తం 25 మిల్లీమీటర్లు మించని చోట స్క్రూ తలను చీల్చుకొని బయటికి రావడం ఒక్కసారి కూడా జరగలేదు. ఏ కంపెనీ స్క్రూ అన్నదాని కంటె ఎక్కడ నిలిపారన్నది పెద్ద విషయమని దాని సారాంశం. నార్వేలోని ట్రాన్‌హైమ్‌లో 397 మంది వృద్ధులపై జరిగి 2015లో ప్రచురితమైన పరీక్ష, ఎముకల వార్డులోని మామూలు సంరక్షణను వృద్ధాప్యవైద్య వార్డులోని సమగ్రసంరక్షణతో పోల్చింది. అందరికీ ఆపరేషన్ జరిగింది, తేడా అంతా మందుల సర్దుబాటు, ఆహారం, నొప్పి నివారణ, మతిభ్రమను కనిపెట్టడం, వెంటనే మంచం దించి నడిపించడం వంటి చుట్టుపక్కల పనులలోనే. నాలుగు నెలల తరువాత రెండవ వర్గంవారు మెరుగ్గా కదలగలిగారు. రెండు లోహాలను పోల్చిన పరీక్షలలో ఇంత స్పష్టమైన తేడా తక్కువగా కనబడుతుంది. విరిగిన తొడను కదలకుండా ఉంచడానికి పలక మీద పడుకోబెట్టి మేకులతో హద్దులు కట్టే కపాటశయనాన్ని సుశ్రుతుడు చెప్పాడు. ఆ నిశ్చలతే పడకపుండ్లకూ ఊపిరితిత్తుల వ్యాధికీ దారితీసి వృద్ధుల ప్రాణం తీస్తుందని గుర్తించిన తరువాత, వారిని లేపి నిలబెట్టడమే నేటి లోహాలన్నిటికీ ఉమ్మడి ప్రయోజనమైంది.

ఇంతవరకు వచ్చిన విచారం, శస్త్రచికిత్స చేసి తీరవలసిందేనన్న అభిప్రాయాన్ని ప్రశ్నించలేదు. మీమాంసకులు కర్మలను నిత్యమనీ కామ్యమనీ విడదీశారు. నిత్యకర్మ ఫలాపేక్షతో పనిలేకుండా చేయవలసినది, చేయకపోతే దోషం. దానిలో అన్ని అంగాలూ కుదరకపోయినా యథాశక్తిగా చేస్తే చాలు. కామ్యకర్మ ఒక ఫలాన్ని కోరినవారికి మాత్రమే. దానిలో అంగలోపం ఉంటే ఫలం రాదు గనుక అన్నీ చేయగలిగినవాడే దానికి పూనుకోవాలి. తుంటి శస్త్రచికిత్స ఈ రెండింటిలో దేనికి చెందినది? ఆచరణలో వైద్యులూ కుటుంబాలూ దానిని నిత్యంగా చూస్తారు. చేయించకపోతే కన్నవారిని గాలికి వదిలేశారన్న మాట పడుతుందన్న జంకు కొడుకులనూ కూతుళ్లనూ తరుముతుంది. నడిచి తిరిగే వృద్ధుల విషయంలో ఈ తొందర చాలావరకు సరైనదే, ఎందుకంటే ఆపరేషన్ లేకుంటే వారు మంచానికి అంటుకుపోతారు. విరగకముందే సంరక్షణాలయంలో ఇతరుల చేతులమీద బతుకుతూ, చాలామంది మతిమరుపు రోగంతో ఉన్న వృద్ధులపై నెదర్లాండ్స్‌లో జరిగి 2022లో వెలువడిన పరిశీలన వేరొక చిత్రాన్ని చూపింది. వైద్యులు, రోగులు, వారి ప్రతినిధులు కలిసి మాట్లాడుకొన్న తరువాత 172 మందిలో 88 మంది శస్త్రచికిత్సను వద్దనుకొన్నారు. వారిలో అత్యధికులు నెలలోపే మరణించారు. అయినా బతికి ఉన్న రోజులలో వారి జీవనస్థితి ఆపరేషన్ చేయించుకొన్నవారి కంటె తీసిపోలేదు, తమ నిర్ణయంపై తృప్తీ తగ్గలేదు.

దీనిని మీమాంస భాషలో చెప్పాలంటే, నొప్పిని తీర్చడం నిత్యం, ఎముకను బిగించడం కామ్యం. మొదటిదానికి ఎవరి కోరికా అడగనక్కరలేదు, ఎంత కుదిరితే అంత చేయవలసిందే. రెండవదానికి ఫలాన్ని కోరేవారు ఉండాలి, ఆ ఫలానికి కావలసిన అంగాలన్నీ అందుబాటులో ఉండాలి. ఈ విభజనలో ఒక చిక్కు ఉన్నదని ఒప్పుకోవాలి: చాలామంది రోగులకు విరిగిన ఎముక నొప్పిని తీర్చే అత్యుత్తమమైన ఉపాయం దానిని బిగించడమే, కాబట్టి కామ్యమైన కర్మే కొన్నిచోట్ల నిత్యానికి అంగంగా మారుతుంది. అప్పుడు కూడా విభజన పనికివస్తుంది. ఇక ఎన్నటికీ నడవలేని రోగికి, నొప్పి లేకుండా పక్క తిప్పడమే ప్రయోజనంగా ఆపరేషన్ చేస్తున్నప్పుడు, ఇరవయ్యేళ్లు మన్నే సంపూర్ణ కీలును గురించి ఆలోచించనక్కరలేదు. అతి తక్కువ సమయంలో అతి తక్కువ రక్తస్రావంతో ముగిసే సాధనమే అక్కడ మేలైనది. సాధ్యం మారగానే సాధనాల తారతమ్యం తలకిందులవుతుంది.

మిగిలిన చిక్కు కోరిక ఎవరిదన్నది. జైమిని సూత్రాల ఆరవ అధ్యాయం అధికారాన్ని, అంటే ఏ కర్మకు ఎవరు అర్హులన్నదానిని విచారిస్తూ, ప్రతినిధిని గురించి కూడా చర్చించింది. విధించిన ధాన్యం దొరకనప్పుడు దానికి దగ్గరి పోలిక ఉన్న నివ్వరిధాన్యంతో యాగం సాగించవచ్చు. యజమానికి మాత్రం ప్రతినిధి లేడు, ఎందుకంటే ఫలం చేరవలసినది అతనికే. ఎముక తలకు లోహపు బంతి ప్రతినిధి కాగలదు. తల్లి కోరికకు కొడుకు కోరిక అలా కాగలదా? అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలు ఫోనులో ఖరీదైన సాధనాన్నే వేయమని చెప్పి, ఆసుపత్రి వరండాలో ఉన్న బంధువు సంతకం పెట్టే సందర్భంలో, ఆ ఎంపిక తీర్చేది ఎవరి ఆకాంక్షను అన్నది తేలికగా కొట్టివేయదగిన ప్రశ్న కాదు. స్పృహలో ఉండి మాట్లాడగల వృద్ధులను కూడా పక్కకు తప్పించి నిర్ణయాలు జరగడం ఈ సమాజంలో ప్రేమగానే చెలామణి అవుతున్నది.

మీమాంస ఈ చోట ఒక మేరకే తోడు వస్తుంది. నయంకాని అంగవైకల్యం ఉన్నవారికి శ్రౌతకర్మలలో అధికారం లేదని అదే అధ్యాయం తేల్చింది. కర్మను పూర్తిగా నిర్వహించలేనివాడు ఫలాన్ని కోరినా ప్రయోజనం లేదన్నది దాని తర్కం. వైద్యంలో ఈ తర్కాన్ని అనుమతించడం సాధ్యం కాదు, ఇక్కడ అధికారం పుట్టేదే వైకల్యం నుంచి. జ్ఞాపకం చెదిరిన వృద్ధురాలు తన కోరికను వాక్యంగా చెప్పలేకపోవచ్చు. కాలు కదిపినప్పుడు ముఖం ముడుచుకోవడం, పెట్టిన ముద్దను తినడం లేదా పక్కకు నెట్టడం, ఎవరి చేయి పట్టుకొని లేవడానికి ప్రయత్నిస్తున్నదన్నది ఆమె ఇష్టాయిష్టాలకు ఇంకా సాక్ష్యాలే. వాటిని చదవగలిగేవారు ఆమెను రోజూ చూసుకొనే కోడలో, మనుమరాలో, జీతానికి కుదిరిన ఆయానో అయి ఉంటారు. ఏ లోహం వేయాలన్న చర్చ జరిగే గదిలోకి వారిని పిలవడం మాత్రం చాలా ఆసుపత్రులలో ఇప్పటికీ జరగడం లేదు.